చెప్పింది రాసే యంత్రం: తెలుగు డిక్టేషన్‌లో పదవిభజన, ప్రమాణం, మాండలికం

ఉపోద్ఘాతం

విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ నవలను తాను చెబుతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో ఆ నవల అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది. ఒకరు చెప్పడం, మరొకరు రాయడం మన సాహిత్యంలో కొత్త కాదు. అయితే లేఖకుడు చెవిన పడిన ధ్వనిని కాగితం మీద పెట్టి ఊరుకోడు. మాటను ఎక్కడ విడదీయాలో, ఏ అక్షరానికి ఒత్తు ఉండాలో, వాక్యం ఎక్కడ ముగిసిందో తేలుస్తాడు. అనుమానం వస్తే ఆగి అడుగుతాడు. ఇప్పుడు ఆ పీటమీద కంప్యూటర్ కూర్చుంది. లేఖకుడి పనుల్లో అది ఏవి చేయగలుగుతోంది, ఏవి రచయితకే వదిలేస్తోంది అన్నది ఈ వ్యాసంలో పరిశీలన. తెలుగు డిక్టేషన్‌లో ప్రధానమైన చిక్కు వినికిడి దగ్గర లేదు, విన్నదాన్ని రాతప్రమాణంలోకి మార్చే చోట ఉంది. ఆ సంగతి పట్టించుకోకుండా దాని తప్పుల్ని కొలిస్తే లెక్కే తప్పుతుంది.

నేపథ్యం

1952లో అమెరికాలోని బెల్ ప్రయోగశాల తయారుచేసిన ‘ఆడ్రీ’ యంత్రం పలికిన అంకెలను మాత్రమే గుర్తించేది. విడివిడి మాటల నుంచి వాక్యాల దాకా సాగిన ప్రయాణంలో చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డిది ముఖ్యమైన పాత్ర. స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేట్ పొందిన ఆయన 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి మారారు. అక్కడ రూపొందిన ‘హార్పీ’ 1976 నాటికి 1,011 మాటల పరిధిలో వాక్యాలను గుర్తించింది. ఆయన శిష్యుడు జేమ్స్ బేకర్, భార్య జానెట్‌తో కలిసి స్థాపించిన డ్రాగన్ సిస్టమ్స్ 1997లో ‘నాచురల్లీ స్పీకింగ్’ను విడుదల చేసింది. మాటకూ మాటకూ మధ్య ఆగకుండా, మామూలుగా మాట్లాడుతూ ఇంగ్లీషును టైపు చేయించడం దానితో సామాన్యులకూ సాధ్యమైంది. రాజ్ రెడ్డికి 1994లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నా తెలుగు వంతు ఆలస్యంగా వచ్చింది. గూగుల్ 2017 ఆగస్టులో తన వాయిస్ టైపింగ్‌కు కొత్త భాషలు చేర్చినప్పుడు వాటిలో తెలుగు ఉంది. విండోస్ 11లో విండోస్ మీట, హెచ్ కలిపి నొక్కితే తెరుచుకునే వాయిస్ టైపింగ్ భాషల్లోనూ తెలుగు ఉంది. ఆలస్యానికి పెద్ద కారణం సమాచార లేమి. ఈ వ్యవస్థలు నేర్చుకోవాలంటే ధ్వనిముద్రణ, దాని సరైన రాతప్రతి రెండూ జంటగా కావాలి. 2018లో హైదరాబాద్‌లో జరిగిన ఇంటర్‌స్పీచ్ సదస్సు సందర్భంగా మైక్రోసాఫ్ట్ తెలుగు, తమిళం, గుజరాతీలకు విడుదల చేసిన శిక్షణ సామగ్రి భాషకు సుమారు 40 గంటలు. భారత ప్రభుత్వం 2022లో ప్రారంభించిన ‘భాషిణి’ పథకం ఈ లోటును పూడ్చే ప్రయత్నాల్లో ఒకటి.

పదం హద్దు ఎక్కడ?

యంత్రం ధ్వనిని సెకనులో వందో వంతు చొప్పున జరుగుతూ పరిశీలిస్తుంది. ఆ ధ్వనికి ఏ అక్షరాలు సరిపోతాయో, ఆ అక్షరాల వరస ఆ భాషలో ఎంత సహజమో కలిపి బేరీజు వేస్తుంది. తెలుగు లిపి ఉచ్చారణకు చాలా దగ్గరగా ఉంటుంది కనుక మొదటి పనిలో మనకు ఇంగ్లీషు కన్నా వెసులుబాటు ఎక్కువ. రెండో పనిలో ఇబ్బంది మొదలవుతుంది. ‘వెళ్ళలేకపోయానని’ వంటి రూపం నిఘంటువులో దొరకదు. ధాతువు మీద ప్రత్యయాలు, సహాయక క్రియలు పేరుకుని అప్పటికప్పుడు ఏర్పడుతుంది. ఇలాంటి రూపాలకు అంతుండదు కాబట్టి ఒక్కో రూపం శిక్షణ సామగ్రిలో కనిపించే అవకాశం తక్కువ.

సంధి దీనికి తోడు. ‘వాడు ఎక్కడికి వెళ్ళాడు’ అని మూడు మాటలుగా రాసేదాన్ని నోటితో ‘వాడెక్కడికెళ్ళాడు’ అని ఒక్క ఊపులో అంటాం. యంత్రం విన్నది విన్నట్టు ఒకే మాటగా రాసిందనుకుందాం. పదదోష శాతం అనే కొలమానం, మారినవీ తప్పిపోయినవీ అదనంగా చేరినవీ కలిపి, సరైనదిగా పెట్టుకున్న మూలంలోని మాటల సంఖ్యతో భాగిస్తుంది. ఇక్కడ మూలంలో మూడు మాటలు. ఒకటి మారింది, రెండు పోయాయి. ఫలితం నూటికి నూరు శాతం తప్పు! అదే వాక్యాన్ని యూనికోడ్ సంకేతాల లెక్కన, అంటే అక్షరదోష శాతంగా చూస్తే 22కు 6 తేడాలు, అంటే సుమారు 27 శాతం. విన్న ధ్వనిలో తప్పు ఒక్కటీ లేదు. సంధి చేయడమూ విసంధిగా వదలడమూ రచయిత ఇష్టానికి వదిలిన భాషలో, ఒకే రాతప్రతిని సరైనదిగా పెట్టుకుని యంత్రానికి మార్కులు వేయడం న్యాయం కాదు. ఆమోదయోగ్యమైన రూపాలన్నిటినీ మూలంగా అంగీకరించి, అక్షరదోష శాతాన్ని కూడా పక్కనే చూపాలి.

ఒత్తులూ దీర్ఘాలూ

చాలామంది ‘బాధ’ను ‘బాద’ అని పలుకుతారు. ల-ళ, న-ణ భేదాలూ అందరి నోటా నిలవవు. అయినా యంత్రం తరచుగా వాడే మాటల్ని సరైన ఒత్తులతోనే రాస్తుంది, ఎందుకంటే అచ్చులో ఆ రూపమే ఎక్కువగా చూసి ఉంటుంది. ‘కల’, ‘కళ’ వంటి జంటల్లో పక్కమాటలు దారి చూపుతాయి. ఇంటిపేర్లు, చిన్న ఊళ్ళ పేర్లు, వృత్తిపదాల దగ్గర ఈ ఆసరా ఉండదు. అందుకే దిద్దేటప్పుడు మామూలు మాటల కన్నా పేర్లమీద కన్ను ఎక్కువ పెట్టాలి.

ప్రశ్నార్థకం తెలుగులో తరచుగా చివరి అచ్చులోనే ఉంటుంది. ‘వచ్చాడు’కూ ‘వచ్చాడా’కూ తేడా ఒక్క దీర్ఘమే. వాక్యం చివర గొంతు తగ్గించి మాట్లాడే అలవాటు ఉన్నవారికి ఆ దీర్ఘం చెదిరి ప్రశ్న కాస్తా నిశ్చయమైపోయే ప్రమాదం ఉంది.

మాండలికం

గిడుగు రామమూర్తి వ్యావహారిక భాషోద్యమం రాతను శిష్టుల వాడుకకు దగ్గర చేసింది. అయితే అలా స్థిరపడిన ప్రమాణం అందరి నోటి భాష కాదు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగును ఉత్తర, దక్షిణ, తూర్పు, మధ్య మండలాలుగా విభజించారు. ‘వచ్చిండు’, ‘వచ్చినాడు’, ‘వచ్చాడు’ మూడూ జీవద్భాషలోని రూపాలే. శిక్షణకు వాడిన రాతలో పత్రికాభాష వాటా ఎక్కువైతే, సందేహం వచ్చిన ప్రతిచోటా యంత్రం ‘వచ్చాడు’ వైపే మొగ్గుతుంది. ఉత్తరం రాసుకునేవారికి ఇది సౌకర్యంగా అనిపించవచ్చు. కథలో పాత్రను మాట్లాడించే రచయితకు మాత్రం నష్టం. జానపదకథలూ మౌఖిక చరిత్రా సేకరించే పరిశోధకుడికి ఆధారమే చెరిగిపోతుంది. 1962లో వెలువడిన ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటం వ్యవసాయ పదాలకు తెచ్చిన విలువ, క్షేత్రంలో విన్న రూపాన్ని విన్నట్టే నమోదు చేయడం వల్ల వచ్చినదే. ప్రమాణీకరించి రాసే పద్ధతి, ఉన్నదున్నట్టు రాసే పద్ధతి అని రెండు విడి ఎంపికలు ఉండటం ఈ రంగంలో అవసరం.

వినియోగం

వేగం విషయంలో 2016లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు జరిపిన అధ్యయనాన్ని తరచుగా ఉదాహరిస్తారు. ఫోన్ మీద సందేశాలు రాయడంలో మాట, తెర మీది మీటల కన్నా ఇంగ్లీషులో 3 రెట్లు, చైనీస్ మాండరిన్‌లో 2.8 రెట్లు వేగంగా తేలింది. ఆ లెక్కను తెలుగుకూ కంప్యూటర్ కీబోర్డుకూ యథాతథంగా అన్వయించకూడదు. అయినా ఇన్‌స్క్రిప్ట్ మీటల అమరిక నేర్చుకోని పెద్దలకూ, చూపులేనివారికీ, చేతి నొప్పులతో టైపు చేయలేనివారికీ డిక్టేషన్ తెచ్చే మేలు వేగంతో కొలిచేది కాదు. వారికది రాయగలగడానికీ రాయలేకపోవడానికీ మధ్య తేడా.

విండోస్, గూగుల్ వాయిస్ టైపింగ్‌లు సాధారణంగా ధ్వనిని ఇంటర్నెట్ మీదుగా సంస్థల సర్వర్లకు పంపి గుర్తిస్తాయి. కాబట్టి రోగి వివరాలు, కేసు వాంగ్మూలాలు, గోప్యత హామీ ఇచ్చి సేకరించిన ఇంటర్వ్యూలు వాటికి చెప్పేముందు సంబంధితుల అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.

ముగింపు

తెలుగు డిక్టేషన్ నేడు తొలిప్రతికి పనికొస్తుంది, అచ్చుప్రతికి చాలదు. అది మంచి శ్రోత అవుతోంది కానీ అనుమానం వచ్చినప్పుడు ఆగి అడిగే లేఖకుడు ఇంకా కాలేదు. వాడేవారు అర్థం తెగేచోట ఆగుతూ చిన్న వాక్యాలుగా చెప్పడం, పేర్లనూ వాక్యాంత దీర్ఘాలనూ ప్రత్యేకంగా సరిచూడటం, క్షేత్రసేకరణలో మూల ధ్వనిముద్రణను తప్పక భద్రపరచడం అవసరం. 2011 జనగణన ప్రకారం తెలుగు 8.11 కోట్ల మంది మాతృభాష. విశ్వవిద్యాలయాల తెలుగు, భాషాశాస్త్ర శాఖలు నాలుగు మండలాల వాడుకనూ ధ్వనిముద్రించి, సంధి వికల్పాలతో సహా రాతప్రతులు సిద్ధం చేసి, అందరికీ అందుబాటులో ఉంచే బాధ్యత తీసుకోవాలి. ఆ పనిని సాఫ్ట్‌వేర్ సంస్థలకే వదిలేస్తే, రాతకు ఏ తెలుగు ప్రమాణమో తేల్చే నిర్ణయమూ వాటి చేతికే పోతుంది.