జీవరసాయన శాస్త్రము మన విద్యార్థుల చెంతకు వచ్చిన చరిత్ర

గ్రంథాలయములలో జీవశాస్త్ర గ్రంథములు ఒక బీరువాలోను, రసాయన శాస్త్ర గ్రంథములు వేరొక బీరువాలోను ఉండుట చిరకాలముగా వచ్చుచున్న ఆచారము. ఈ రెండింటి నడుమ పుట్టి, రెండింటికిని చెందియు, చాలకాలము ఏ బీరువాలోను స్థిరమైన చోటు దొరకని శాస్త్రమొకటి కలదు. దానిని జీవరసాయన శాస్త్రమందురు. తిన్న జొన్నరొట్టె నాగలి పట్టు బలముగా ఎట్లు మారుచున్నది? పాలు పెరుగుగా ఏల తోడుకొనుచున్నవి? విత్తనము మొలకెత్తునపుడు అందులోని పిండి ఏమగుచున్నది? మధుమేహ రోగి నెత్తుటిలో చక్కెర ఏల పేరుకొనుచున్నది? ఇట్టి ప్రశ్నలకు రసాయన పద్ధతులతో సమాధానము వెదకుటయే దాని పని.

మోకిల, చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతములలో ఇంటర్మీడియటున బై.పి.సి. ముగించి, వైద్యకళాశాలలో సీటు దొరకని పిల్లలు నేడు బి.యస్సీ.లో ఈ శాస్త్రమును ఎన్నుకొనుటకు వీలున్నది. ఇంటి పెద్దలు మాత్రము, “అది డాక్టరు చదువా? కాదు. మందుల చదువా? కాదు. మరి దేనికి?” అని అడుగుదురు. వారడుగుట న్యాయమే. మూడేండ్ల కాలమును, ధనమును వెచ్చించువారికి అడుగు హక్కు కలదు. ఆ ప్రశ్నకు సమాధానము ఈ శాస్త్రము ఎవరి చేతులమీదుగా, ఎన్ని చుట్టుదారులు తిరిగి మన పిల్లల చెంతకు వచ్చినదో తెలిసికొన్నచో కొంతవరకు దొరకును.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలగు పెద్దలు హైదరాబాదులో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించిరి. అంతకు ఐదేండ్ల ముందే, 1901లో, ఆ నగరముననే శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. తరువాత మద్రాసుకు తరలిపోయిన ఆ మండలి చరిత్ర గ్రంథములతో పాటు శాస్త్ర గ్రంథములను కూడ తెలుగున ప్రకటించినది. వేమూరి విశ్వనాథశర్మగారి రసాయన శాస్త్రము, ఆచంట లక్ష్మీపతిగారి జీవశాస్త్రము అందులోనివే. ఇంగ్లీషు రాని పాఠకునికి ఆ రెండు పుస్తకములును గొప్ప వరములు. ఆ రెండింటిని కలుపు మూడవ పుస్తకము మాత్రము ఆనాటికి తెలుగున లేదు. ఐరోపాలోనే ఆ శాస్త్రము ఇంకను బాల్యదశలో ఉండెను.

జీవుల దేహములలోని పదార్థములు ప్రాణశక్తి వలననే పుట్టునని, మానవుడు గాజుపాత్రలో వానిని చేయజాలడని పూర్వము పండితులు నమ్మిరి. మూత్రములో లభించు యూరియాను జర్మనీ దేశస్థుడైన వోలర్ 1828లో ప్రయోగశాలలో తయారుచేసెను. ఆ నమ్మకమునకు తగిలిన మొదటి దెబ్బ అదియే. 1897లో బుక్నర్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు పులియజేయు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, రసము తీసెను. జీవకణము ఒక్కటియు లేని ఆ రసము కూడ చక్కెరను పులియజేసినది. ఈతకల్లు పొంగుటను చూచి పెరిగిన మన పల్లెవారికి ఇందులోని వింత సులభముగా బోధపడును. పొంగించునది ప్రాణము కాదు, ఆ ప్రాణి తయారుచేసిన ఒకానొక పదార్థము. అట్టి పదార్థములనే ఎంజైములందురు. 1914లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఈ శాస్త్రమునకు ఆచార్య పీఠమేర్పడగా, హాప్కిన్సు మొదటి ఆచార్యుడయ్యెను.

మన దేశమున బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థలో 1921లో జీవరసాయన శాఖ ఏర్పడినది. అది పరిశోధకులకు ఉద్దేశింపబడినదే గాని డిగ్రీ విద్యార్థులకు కాదు. ఆ కాలమున ఈ శాస్త్రమును చేరగోరువారు రసాయన శాస్త్రపు వాకిటనో, వైద్యపు వాకిటనో ప్రవేశింపవలసి వచ్చెడిది. కమలా సోహోనీగారు 1933లో బొంబాయిలో రసాయన, భౌతిక శాస్త్రములలో పట్టము పొంది బెంగుళూరు చేరిరి. స్త్రీ యగుటచేత ఆమెను చేర్చుకొనుటకు ఆ సంస్థ అధిపతి సి. వి. రామన్ మొదట అంగీకరింపలేదు. ఆమె పట్టువిడువక చేరి చదివి, 1939లో కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టము పొందిరి. ఆమె రసాయనపు వాకిట వచ్చినవారు.

వైద్యపు వాకిట వచ్చినవారు తెలుగువారైన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. 1895 జనవరి 12న భీమవరమున జన్మించిన ఆయన మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని ఉత్తీర్ణులు కాలేదు. పరీక్ష తప్పిన పిల్లవానిని పనికిరానివానిగా ఎంచు తల్లిదండ్రులు ఈ మాటను రెండుసార్లు చదువవలెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువు దినములలో జాతీయోద్యమ ప్రభావమున ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స గదిలో ప్రవేశించి, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహమునకు గురియైరి. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టము దక్కక, దానికన్న తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. అప్పుడాయనకు ఆశ్రయమిచ్చినది పైన పేర్కొన్న జీవశాస్త్ర గ్రంథకర్త ఆచంట లక్ష్మీపతిగారే. మద్రాసులో ఆయన నడుపుచుండిన ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారు శరీరశాస్త్ర బోధకులుగా పనిచేసిరి.

ఆయన సోదరులిద్దరు స్ప్రూ అను వ్యాధికి బలియైరి. ఆ వ్యాధిలో పేగులు అన్నసారమును గ్రహింపజాలవు. మనిషి తినుచునే ఎండిపోవును. తానును దాని వాతబడి లక్ష్మీపతిగారి చికిత్సతో కోలుకొనిరని ఆయన జీవితకథలు చెప్పుచున్నవి. 1923 అక్టోబరులో ఆయన అమెరికాలోని బోస్టను నగరము చేరిరి. ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపనులు చేయుచు హార్వర్డులో ఉష్ణదేశ వ్యాధుల చికిత్సలో డిప్లొమా ముగించి, తుదకు అచటి జీవరసాయన శాఖలో ప్రవేశించిరి. అప్పటికి ఆయన వయస్సు ముప్పదికి సమీపించినది. నేటి పల్లెటూరి పిల్లవాడు పదునెనిమిదవ యేట తట్టగల తలుపును ఆయన అంత ఆలస్యముగా తట్టవలసి వచ్చెను.

1925లో ఫిస్కే, సుబ్బారావుగారలు నెత్తుటిలోను మూత్రములోను భాస్వరమెంత కలదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. ద్రావణములో మాలిబ్డేటును, పిదప వేరొక మందును చేర్చినచో నీలివర్ణము పుట్టును. ఆ నీలము ఎంత చిక్కనైనదో భాస్వరమంత యెక్కువ. చూచుటకిది చిన్న సాధనమే. కాని దాని సాయముననే వారు కండరములలోని ఫాస్ఫోక్రియాటిను అను పదార్థమును 1927లో గుర్తించిరి. 1929లో ఎ.టి.పి. అను పదార్థమును వేరుచేసిరి. అదే యేట జర్మనీలో లోమన్ కూడ దానిని కనుగొనెను. జీవకణములలో శక్తిని చేతులు మార్చు నాణెము ఎ.టి.పి.యే యని తరువాతి పరిశోధనలు తేల్చినవి. 1930లో సుబ్బారావుగారికి హార్వర్డు డాక్టరు పట్టము లభించినది.

1940లో ఆయన హార్వర్డును వీడి లెడర్లే ఔషధ సంస్థలో చేరిరి. అప్పటికి ఫోలికు ఆమ్లపు జాడలు పలుచోట్ల కనబడుచుండెను. బొంబాయి గర్భిణీ స్త్రీల రక్తహీనతను లూసీ విల్సు అను వైద్యురాలు ఈస్టు సారముతో కుదిర్చిరి. 1941లో టెక్సాసు శాస్త్రజ్ఞులు నాలుగు టన్నుల పాలకూరను ఉడికించి, వడగట్టి, ఆ పదార్థమును రవ్వంత మాత్రము సంపాదించి, ఆకు అను అర్థమిచ్చు లాటిను పదముతో దానికి పేరు పెట్టిరి. పాలకూరను కట్టలుగా కట్టి నగరమునకు పంపు చేవెళ్ళ రైతులకు నాలుగు టన్నులన ఎంతయో చెప్పనక్కరలేదు. సుబ్బారావుగారి బృందము 1945 నాటికి దానిని ప్రయోగశాలలోనే తయారుచేయుటలో కృతార్థమైనది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూకు అది ఔషధమైనది. దానికి ప్రతికూలముగా పనిచేయు అమినోప్టెరిను అను మందుతో సిడ్నీ ఫార్బరు బోస్టనులో నెత్తుటి క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలిక ఉపశమనము కలిగించి 1948లో ఆ ఫలితమును ప్రకటించిరి. బోదకాలు క్రిమిపై పనిచేయు హెట్రజాను 1947లో వెలువడినది. 1948 ఆగస్టులో, ఏబదిమూడవ యేట, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి.

నైజాము రాష్ట్రపు స్థితి వేరు. 1918లో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నత విద్య గరపినది. స్వదేశ భాషలో విజ్ఞానశాస్త్రములు బోధింపవచ్చునని అది లోకమునకు చూపినమాట నిజమే. కాని తెలుగు పల్లెల పిల్లలకు అది మరియొక పరభాషయే. 1968లో తెలుగు అకాడమి ఏర్పడి కళాశాల పాఠ్యగ్రంథములను తెలుగున వెలువరించు వరకు ఆ కొరత తీరలేదు.

ఈ శాస్త్రము మన గడ్డకు నిజముగా దిగివచ్చినది 1958లో ననవచ్చును. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఒక్క గదిలో బెరిబెరి వ్యాధిపై ప్రారంభించిన పరిశోధన క్రమముగా పెరిగి పోషకాహార పరిశోధనశాలగా మారి, ఆ యేడు హైదరాబాదుకు తరలివచ్చి, ఉస్మానియా చెంతనున్న తార్నాకలో వెలసినది. 1969 నుండి అదియే జాతీయ పోషకాహార సంస్థ. అచటి వైద్యులకు ఒక చిక్కు ఎదురయ్యెను. దక్కను పీఠభూమిలో జొన్నయే ముఖ్యాహారముగా గల పేదలకు మెడమీదను, చేతులమీదను చర్మము నల్లబడి గరుకెక్కుట, విరేచనములు, మతి చలించుట కనబడుచుండెను. ఇది పెల్లాగ్రా. అమెరికాలో మొక్కజొన్న తినువారికి వచ్చు వ్యాధి. నయాసిను అను విటమిను లోపమే దానికి కారణమని 1937లో ఎల్వీయెం చేసిన పరిశోధనతో తేలినది. మన జొన్నలో నయాసిను బియ్యములో కన్న తక్కువ కాదు. బియ్యము తినువారికి రాని వ్యాధి జొన్న తినువారికి ఏల రావలెను?

సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగారలు 1960లో దీనికొక సమాధానము ప్రకటించిరి. జొన్న మాంసకృత్తులలో లూసిను అను ఆమ్లము అధికము. అది మితిమీరినచో దేహము నయాసినును తయారుచేసికొని వాడుకొను క్రమము చెడునని వారి వాదము. తరువాత ఇతర దేశములలో కొందరు ఈ ఫలితమును పొందలేక సందేహించిరి. వాదోపవాదములు చాలకాలము సాగినవి. వాదమెట్లున్నను, గటకయు రొట్టెయు తిను పల్లెవాని కంచమును శాస్త్రజ్ఞులు గౌరవముతో పరిశీలించిన ఘట్టమిది. జొన్నను నిందించుటకిది ఆధారము కాదు. జొన్న తప్ప పప్పు, పాలు, మాంసము ఎరుగని పేదరికమే అసలు దోషి. ఆహారము మారిన కొలది ఆ వ్యాధియు అరుదైనది. జొన్నచేలును అరుదైనవి, మోకిలలో 2023లో మహానగరాభివృద్ధి సంస్థ ఇండ్ల స్థలములను వేలము వేసిన సంగతి పాఠకులెరిగినదే.

ఆ పిమ్మట 1974లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయము, 1977లో పుష్ప మిత్ర భార్గవగారి సారథ్యమున కణ, అణు జీవశాస్త్ర కేంద్రము ఏర్పడినవి. 1997లో శాంతా బయోటెక్నిక్సు హెపటైటిసు-బి టీకాను మన దేశముననే తయారుచేసి వెలువరించినది. ఇట్లు పరిశోధనశాలలు ముందు వచ్చినవి. డిగ్రీ కళాశాలలలో జీవరసాయనము విస్తరించుట వెనుక జరిగినది. ఇల్లు శిఖరము నుండి కట్టినట్లున్నదని కొందరు పరిహసింతురు. ఆ పరిహాసములో కొంత సత్యము లేకపోలేదు.

బి.యస్సీ.లో ఈ శాస్త్రము సాధారణముగా రసాయనముతోను, సూక్ష్మజీవశాస్త్రము వంటి మరియొక దానితోను జతకూడి యుండును. పిండిపదార్థములు, కొవ్వులు, మాంసకృత్తులు, కేంద్రకామ్లములు, ఎంజైములు, ఆహారము శక్తిగా మారు మార్గములు, వంశపారంపర్యపు అణువులు అందలి ముఖ్యాంశములు. ప్రయోగశాలలో విద్యార్థి పిండిలో అయోడిను చుక్క వేసి నీలమును చూచును. ఉమ్మి చేర్చి కొంతసేపు ఉంచి మరల పరీక్షించి, ఆ నీలము రాకపోవుటను గమనించును. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిలో భాస్వరమును కొలుచును. ఆ పేరులోని రెండవ భాగము భీమవరపు వానిదని బోధకుడు చెప్పనిచో అది పెద్ద లోపమే.

పదునెనిమిదేండ్ల వయస్సున ఈ శాస్త్రమును ఆరంభించుట తొందరపాటని, ముందు రసాయనము గట్టిగా చదివి పిదప దీనికి రావలెనని వాదించు పండితులు కలరు. రసాయనమును వీడి దీనిని చదువుట పునాది లేని గోడయే. అంతవరకు వారి మాట సరియైనది. కాని చుట్టుదారి తిరుగుటకు ధనమును ఓపికయు గలవారికే ఆ సలహా చెల్లును. సుబ్బారావుగారికి మామగారి తోడ్పాటు లభించినది. అందరికి అట్టి మామగారు దొరకరు.

జీవనోపాధి విషయమును దాచుట తగదు. బి.యస్సీ. మాత్రముతో లభించు ఉద్యోగములు మందుల కర్మాగారములలో నాణ్యత పరీక్షించు చిన్న పనులే, జీతమును స్వల్పమే. ఆసుపత్రి ప్రయోగశాలలో పనికి సాధారణముగా వేరొక డిప్లొమా అడుగుదురు. ఎం.యస్సీ.కి రెండేండ్లు, పరిశోధనకు అంతకు మించిన కాలము పట్టును. ఇంగ్లీషున సాగు పాఠములు తెలుగు మాధ్యమమున చదివివచ్చిన పిల్లలను మొదటి యేట తికమకపెట్టును. కనుక కళాశాలను ఎన్నుకొనునపుడు భవనమును గాక, ప్రయోగశాలలో పరికరములు పనిచేయుచున్నవా, వారమునకెన్ని గంటలు పిల్లల చేత ప్రయోగములు చేయింతురు అని పెద్దలు విచారింపవలెను. రాష్ట్ర విశ్వవిద్యాలయములలో ఎం.యస్సీ. ప్రవేశమునకు ఉమ్మడి పరీక్ష జరుగుచున్నది. కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు వేరు పరీక్ష కలదు. జీవరసాయన శాఖ గల ఆ విశ్వవిద్యాలయము మోకిలకు నగరమునకు నడుమ గచ్చిబౌలిలోనే యున్నది.