రెండవ బంతి

మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయులు ఉన్నారు. ఇటీవల వారు మాకొక ఛాయాచిత్రమును చూపిరి. అమెరికాలో చదువుకొనుచున్న వారి మనుమడు తలకు శిరస్త్రాణమును, భుజములకు బరువైన కవచమును తొడిగి పచ్చని మైదానము అంచున నిలుచున్నాడు. వెనుక ఇసుక వేసిన రాలనంత జనము. "వీడు కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఉన్నాడండీ. కాని ఈ ఏడాది ఒక్కసారైనా ఆడలేదట. వచ్చే ఏడాది ఆడిస్తారేమోనని చూస్తున్నాడట. ఆడనివాడు జట్టులో ఉండటమేమిటో మీరైనా చెప్పండి" అని వారు అడిగిరి.

మేము అప్పటికప్పుడు చెప్పలేకపోతిమి. జవాబు కొరకు వెదకగా ఆ ప్రశ్న వెనుక నూటయేబది సంవత్సరములకు మించిన చరిత్ర కానవచ్చినది. దానినే ఈ ప్రసంగమున మనవి చేయుచున్నాము.

ముందుగా ఒక మాట. మనము ఫుట్‌బాల్ అనునది వేరు, అమెరికావారు ఫుట్‌బాల్ అనునది వేరు. వారి బంతి కోడిగ్రుడ్డు వలె కోలగా ఉండును. దానిని చేతబట్టి పరుగెత్తుదురు, చేతితో విసరుదురు. కాలికి పని లేకపోలేదు గాని స్వల్పము. పక్షమునకు పదునొకండుగురు. బంతి చేతనున్న పక్షము నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను. ఎదుటివారి గీత దాటించినచో అది టచ్‌డౌన్, దానికి ఆరు పాయింట్లు. దాడిని నడపుచు, బంతిని ఎవరికి అందీయవలెనో క్షణములో నిర్ణయించువాడు క్వార్టర్‌బ్యాక్. అతడు నాటకములో సూత్రధారుని వంటివాడు. ఆ స్థానమున ఒక్కడే ఉండును గనుక, దానికై కాచుకొనియున్నవారి అవస్థ మిగిలినవారి అవస్థ కంటె ఎక్కువ.

1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున రట్గర్స్, ప్రిన్స్‌టన్ కళాశాలల నడుమ జరిగిన పోటీని ఈ క్రీడకు ఆరంభముగా చెప్పుదురు. నాడు పక్షమునకు ఇరువదియైదుగురు ఆడిరి. రట్గర్స్ వారు 6-4తో గెలిచిరి. 1880 నాటికి యేల్ విశ్వవిద్యాలయపు వాల్టర్ కాంప్ పట్టుదల వలన ఆ సంఖ్య 11కు దిగినది. ఆడగోరువారు తగ్గలేదు, చోట్లు మాత్రము తగ్గినవి. మైదానపు అంచున నిలుచువాడు ఆనాడే పుట్టెనని మా ఊహ.

ఆ తొలిదినములలో ఆట మొదలుపెట్టినవాడే ఆట ముగింపవలెను. ఒకని ఎముక విరిగిననే గాని మరియొకనికి మైదానమున అడుగిడు యోగము లేదు. ఎముకలు విరుగుటకు కొదవయు లేదు. 1905లో ఈ ఆటలో దాదాపు ఇరువదిమంది యువకులు మరణించిరని పత్రికలు గగ్గోలు పెట్టగా, అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ ప్రతినిధులను శ్వేతభవనమునకు పిలిపించి మందలించెను. మరుసటి సంవత్సరము బంతిని ముందుకు విసరుటకు అనుమతి లభించినది. కళాశాలలు పెక్కు చేరి ఒక సంఘమును స్థాపించినవి, నేటి ఎన్.సి.ఎ.ఎ. అదియే.

ఆ సంస్కరణల ఊపులోనే పెద్ద విశ్వవిద్యాలయములు పెక్కు మరియొక కట్టుబాటును చేసికొనినవి. కళాశాలలో చేరిన మొదటి సంవత్సరము ఎవరును పెద్దజట్టున ఆడరాదు. చదువుతో సంబంధము లేని దృఢకాయులను ఆటల కాలమున చేర్చుకొని, ఆట ముగియగానే సాగనంపు దురాచారమొకటి ఆనాడు ప్రబలియుండెను. దానిని మాన్పుటకే ఈ నియమము. ఉద్దేశము మంచిదే. మొదటి సంవత్సరపు పిల్లలకు వేరుగా ఒక చిన్నజట్టు, వారికి వారే ఆడుకొను పోటీలు ఏర్పడినవి.

మన పెండ్లిపందిళ్ళలో పెద్దలు కూర్చున్న తరువాతనే పిల్లలకు విస్తళ్ళు వేయుట అందరు ఎరిగినదే. రెండవ బంతిలో కూర్చుండబోవువాడు స్తంభమునకు ఆనుకొని వడ్డనను చూచుచు, పులిహోర మిగులునా లేదా అని లెక్క వేసికొనుచుండును. చిత్రమేమనగా, అమెరికా కుర్రవాండ్రు కాచుకొనియున్నదియు బంతి కొరకే.

గాయపడిననే మార్పు అను నియమము క్రమక్రమముగా సడలి, 1941లో ఎవరినైన ఎప్పుడైన మార్చుకొనవచ్చునని నిర్ణయమయ్యెను. దాని ఫలితము యుద్ధము ముగిసిన సంవత్సరమున తెలియవచ్చినది. 1945 అక్టోబరులో న్యూయార్కులో సైనిక విద్యాలయపు జట్టును ఎదుర్కొనిన మిషిగన్ జట్టు నిండ పాలుగారు ముఖములే. కండబలమున సరితూగలేమని గ్రహించిన శిక్షకుడు ఫ్రిట్జ్ క్రిజ్లర్, దాడికి ఒక పదునొకండుగురను, రక్షణకు వేరొక పదునొకండుగురను దింపెను. మిషిగన్ 28-7తో ఓడినది. కాని గెలిచిన సైనికులే ఆ పద్ధతిని మెచ్చి తామును అవలంబించి, దానికి ప్లటూను అని తమ పటాలపు పేరు పెట్టిరి. పదునొకండు చోట్లు ఒక్కసారిగా ఇరువదిరెండైనవి. ఖర్చు పెరుగుచున్నదని 1953లో ఈ పద్ధతిని రద్దు చేసిరి. 1965లో మరల పూర్తిగా అనుమతించిరి. నియమావళిలోని ఒక పంక్తి మారిన, ఎందరి యౌవనము మారునో చూడుడు.

ఇక 1970 సెప్టెంబరు 12వ తేదీ రాత్రిని గూర్చి కొంచెము నిదానించి చెప్పవలసియున్నది. అలబామా రాష్ట్రములోని బర్మింగ్‌హామ్ నగరమున అలబామా జట్టుకును, కాలిఫోర్నియా నుండి వచ్చిన సదరన్ కాలిఫోర్నియా జట్టుకును పోటీ. అలబామా పెద్దజట్టులో అందరును తెల్లవారే. వచ్చినవారిలో శామ్ కన్నింగ్‌హామ్ అను నల్లజాతి యువకుడు రెండవ సంవత్సరపు విద్యార్థి. పెద్దజట్టులో అతనికి అదే మొదటి ఆట. అతడు 135 గజములు పరుగెత్తి రెండు టచ్‌డౌన్లు సాధించెను. సదరన్ కాలిఫోర్నియా 42-21తో గెలిచెను. దక్షిణాది జట్లలో వర్ణభేదము సడలుటకు ఆ రాత్రియే కారణమని పలువురు వ్రాసిరి. అది కొంత అతిశయోక్తి యని మా అభిప్రాయము. ఏలయనగా అలబామా శిక్షకుడు పాల్ బ్రయంట్ అప్పటికే విల్బర్ జాక్సన్ అను నల్లజాతి విద్యార్థికి ఆటల వేతనమిచ్చి చేర్చుకొనియుండెను. మరి ఆ జాక్సన్ ఆ రాత్రి ఎక్కడ ఉన్నాడు? ప్రేక్షకులలో కూర్చుండి చూచుచున్నాడు. అతడు మొదటి సంవత్సరపువాడు, ఆడరాదు! తన విశ్వవిద్యాలయము ఓడుచుండగా, తనవంటివాడొకడు ఎదుటి పక్షమున చెలరేగుచుండగా, ఆ పందొమ్మిదేండ్ల లోపు కుర్రవాని మనస్సు ఎట్లున్నదో ఊహించుకొనవలసినదే. జాక్సన్ 1971లో మైదానమున దిగెను. 1973లో అదే జట్టుకు నాయకులలో ఒకడయ్యెను.

మొదటి సంవత్సరపు నిషేధము 1972లో తొలగినది. ఆ సెప్టెంబరులో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయమున చేరిన ఆర్చీ గ్రిఫిన్, తొలి ఆటలో తన చేతికి వచ్చిన ఒకే ఒక్క బంతిని జారవిడిచెను. శిక్షకుడు వూడీ హేస్ మహాకోపిష్ఠి. అంతటితో ఆ పిల్లవాని కథ ముగిసెనని ఎవరైన అనుకొందురు. కాని రెండవ ఆటలో, నార్త్ కారొలైనాపై ఆడుచుండగా, హేస్ అతనిని మరల పంపెను. గ్రిఫిన్ 239 గజములు పరుగెత్తి విశ్వవిద్యాలయపు రికార్డును బ్రద్దలు కొట్టెను. కళాశాలా క్రీడాకారులకిచ్చు హైస్మన్ బహుమతిని 1974, 1975 సంవత్సరములలో వరుసగా గెలిచెను. దానిని రెండు మారులు పొందినవాడు నేటికిని అతడొక్కడే.

ఉపాధ్యాయుల వారి మనుమడు నిలుచుండుటకు ఇంకొక కారణము కూడ ఉండవచ్చును. ఆటగానికి నాలుగు సంవత్సరములు ఆడు హక్కు కలదు. ఒక యేడు ఆడక అభ్యాసమునకు మాత్రమే వచ్చినచో ఆ యేడు లెక్కలోనికి రాక చేతిలో మిగులును. దీనిని రెడ్‌షర్టు అందురు. 1937లో నెబ్రాస్కాలో వారెన్ ఆల్ఫ్‌సన్ అను విద్యార్థి తనకు ఇంకను సత్తువ చాలదని, ఒక యేడు ఎఱ్ఱచొక్కా తొడిగికొని అభ్యాసము మాత్రమే చేసెదనని తానై అడిగెనని, ఆ పేరు అందువలన వచ్చెనని చెప్పుదురు. 2018లో నియమమును సడలించి, నాలుగు ఆటల వరకు ఆడినను ఆ యేడు వృథా కాదనిరి.

ఆటలు శరత్కాలమున జరుగును. తరువాతి సీజనులో ఎవరికెంత పాత్ర అను విషయము మాత్రము వసంతమున తేలుట మొదలగును. వసంతమున పదునైదు దినముల అభ్యాసము. చివర చాల చోట్ల జట్టు రెండుగా చీలి తమలో తామే ఒక ఆట ఆడుదురు. ఒక్కొక్క స్థానమునకు మొదటివాడెవడు, రెండవవాడెవడు, మూడవవాడెవడు అని శిక్షకులు ఒక పట్టిక వేసెదరు. పరుగు వేగము చూచిన చాలదు. తనవానికి అడ్డుగా నిలిచి దెబ్బ కాయగలడా, నిన్నటి తప్పు నేడు చేయకున్నాడా అనియు చూతురు. బంతిని తన్ను సమయమున మాత్రమే దిగు ప్రత్యేక దళములో కుర్రవానికి తరచు తొలి అవకాశము దొరకును. మా రేడియో నాటకములలో గుంపు కేకలకు నిలబడినవారు పెద్ద వేషములకు ఎదిగినట్లే యిది.

2018 జనవరి 8వ తేదీన అట్లాంటాలో జాతీయ విజేతను నిర్ణయించు ఆట జరుగుచుండెను. సగము ముగియునప్పటికి అలబామా 13-0తో జార్జియాకు వెనుకబడియున్నది. రెండు సంవత్సరములుగా జట్టును నడపుచున్న జేలన్ హర్ట్స్‌ను కూర్చుండబెట్టి, మొదటి సంవత్సరపు టువా టాంగోవైలోవాను పంపిరి. అదనపు సమయమున అతడు విసరిన 41 గజముల బంతితో అలబామా 26-23తో గెలిచెను. దేశమంతయు టువా పేరే. హర్ట్స్ అలిగి పోవునని అందరు తలచిరి, అతడు పోలేదు. ఆ యేడంతయు రెండవవాడుగా నిలిచెను. డిసెంబరు 1వ తేదీన, అదే మైదానమున, అదే జార్జియాపై, టువా గాయపడగా, వెనుకబడియున్న జట్టును హర్ట్స్ 35-28తో గెలిపించెను. పట్టము పుచ్చుకొని పిమ్మట ఒక్లహామాకు వెడలెను.

అదే 2018 వసంతమున ఒహైయో స్టేట్‌లో జో బరో మూడేండ్లు కాచుకొనియు మొదటి స్థానము దక్కక, లూయిజియానా స్టేట్‌కు తరలిపోయెను. 2019లో అక్కడ అతడు 60 టచ్‌డౌన్ బంతులు విసరెను. జట్టు పదునైదు ఆటలును గెలిచెను. ఆ యేటి హైస్మన్ బహుమతి బరోది. రెండవ స్థానము హర్ట్స్‌ది. డిసెంబరు 28వ తేదీన వారిరువురు ఎదురుబడిరి, మరల అట్లాంటాలోని ఆ మైదానముననే. బరో జట్టు 63-28తో గెలిచెను. హర్ట్స్ తరువాత వృత్తిక్రీడలో ఫిలడెల్ఫియా జట్టును నడపి, 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి, ఆ ఆటకు ఉత్తమ క్రీడాకారుడయ్యెను.

వీరిరువురు పట్టభద్రులు గనుక వెంటనే ఆడగలిగిరి. పట్టము లేనివాడు కళాశాల మారినచో సాధారణముగా ఒక యేడు ఊరక కూర్చుండవలసియుండెను. శిక్షకుడు మాత్రము ఎక్కువ జీతమునకు నేడు ఒక చోట మాని రేపు మరియొక చోట చేరవచ్చును! ఈ వ్యత్యాసమును ఎవరెంత సమర్థించినను మాకు న్యాయముగా తోచలేదు. 2021లో ఒక మారు, 2024లో చదువు సక్రమముగా ఉన్నచో ఎన్ని మారులైనను శిక్ష లేక మారుటకు అనుమతి లభించినది. ఇప్పుడు జట్లు యేటేట చెదరుచున్నవని, ఓర్పు నశించినదని వాపోవువారు కలరు. వారి బాధలో నిజము లేకపోలేదు. అయితే 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒక ఒప్పందము ననుసరించి, అందులో చేరిన విశ్వవిద్యాలయములు జట్టులో 105 మందిని మించి ఉంచుకొనరాదు. అంతకుముందు పెద్దజట్లు పెక్కింటిలో అంతకంటె ఎక్కువమంది ఉండెడివారు. వేతనము లేకున్నను ఆశతో నిలుచువారికి పందిరిలో స్తంభము కూడ కరవైనది.

ఇదంతయు ఉపాధ్యాయుల వారికి విన్నవించితిమి. వారు ఛాయాచిత్రమును మరల ఒకసారి చూచి, "అయితే మావాడికి ఆకు ఇంకా వేయలేదన్నమాట" అనిరి. పిదప, ఆ వసంతకాలపు ఆట మన గడియారము ప్రకారము ఏ వేళకు వచ్చునో కనుగొని చెప్పుమని కోరిరి. లెక్క వేసి చూడగా అది అర్ధరాత్రి దాటిన తరువాత కావచ్చునని తేలినది. మెలకువగానే ఉందుమని వారు చెప్పిరి.