చిత్రశాలయు ప్రదర్శనకాలమును

చిత్రశాల యనుమాట స్థలమును దెలుపును. ప్రదర్శన మనుమాట కాలమును దెలుపును. ఈ రెండింటి నొక్కటిగా నెంచుటచే మన చిత్రకళాచరిత్రమున నొక లోపము గలిగినది. పటములను వ్రాసిన వారెవ్వరు, వారిది యే శైలి, ఆ పటము లిప్పు డెచ్చట నున్నవి యను విషయముల నరయుటకు గొందఱు పూనుకొనిరి. ఆ పటములు మొట్టమొదట నే గోడమీద, నెన్నినాళ్లు, వేఱే పటముల ప్రక్కన నుండెనో యరసినవారు తక్కువ. ప్రదర్శనమునకు ఆరంభము గలదు, నడక గలదు, ముగింపు గలదు. నాటకము వలెనే, ముగిసిన పిమ్మట నది కంటికి గనబడదు.

సంస్కృతనాటకకర్తలు ఈ భేదము నెఱిగినవారే. మాళవికాగ్నిమిత్రము మొదటి యంకమున ధారిణీదేవి చిత్రశాలకు బోయి, ఆచార్యుడు వ్రాసిన పటమును జూచుచుండును. రంగు లప్పుడే పూసినవి. ఆ సమయముననే రాజు వచ్చును; పరిజనముల నడుమ నొక క్రొత్త ముఖము పటమున గనబడును; దేవి పేరు చెప్పక యూరకున్నను, బాలికయైన వసులక్ష్మి దానిని బయటపెట్టును. రాజు మఱునాడు వచ్చియుండిన కథయే లేదు.

ఉత్తరరామచరితము మొదటి యంకమునకు చిత్రదర్శన మనియే పేరు. లక్ష్మణుడు చిత్రకారునిచే వ్రాయించిన రామచరితమును వరుసగా జూపుచుండ సీతారాములు చూతురు. జృంభకాస్త్రములు, మిథిలలో వివాహము, పరశురాముడు, అయోధ్య. మంథర చిత్రము రాగానే రాముడు బదులు చెప్పక, శృంగిబేరపురమునందలి యింగుదీవృక్షమును జూపి ముందునకు సాగును. శూర్పణఖను జూచి సీత వెఱచును. అది చిత్రమేయని రాముడు చెప్పవలసివచ్చును. చూచుట ముగియునప్పటికి సీతకు మరల వనములను, భాగీరథిని జూడవలెనను కోరిక పుట్టును. ఆ కోరికయే నిర్వాసమునకు ద్రోవయైనది. పటముల వరుసను మార్చిన నంకము చెడును. నేటి ప్రదర్శననిర్వాహకులు ఏ పటము ముందు, ఏది వెనుక యని పడు శ్రమకు దీనికంటె మంచి యుదాహరణము దొరకుట యరుదు. చూచువాడు తనకు నొప్పి గలిగించు పటమును దాటిపోవుట గూడ భవభూతి కనుగొన్నదే.

పాశ్చాత్యులలో ఈ కాలధర్మము రాజశాసనములచేతను, అకాడమీ నియమములచేతను స్థిరపడినది. పారిసు నగరపు సాలోను 1667 లో ఆరంభమై, 1737 నుండి క్రమముగా జరుగజొచ్చెను. దానికి ముద్రితమైన పటములపట్టిక యుండెను. 1759 మొదలుకొని దిదరో పండితుడు ఆ ప్రదర్శనములపై విమర్శలు వ్రాసినందున, పెక్కు పటములు నశించినను వాని మాట నిలిచినది. లండనులోని రాయల్ అకాడమీ 1769 లో మొదటి ప్రదర్శనమును జరిపెను. అచ్చట ద్వారములు తెఱచుటకు ముందు చిత్రకారులు వచ్చి వార్నిషు పూసికొనుటకు గొన్నిదినము లిచ్చెడివారు. 1832 లో టర్నరు వ్రాసిన సముద్రచిత్రము, కాన్‌స్టబులు వ్రాసిన వాటర్లూ వంతెన చిత్రమును ప్రక్కప్రక్కల నుండెను. రెండవదాని యెఱ్ఱరంగుల ముందు తనది వెలవెల బోవుచున్నదని యెంచి, టర్నరు తన సముద్రముపై నొక యెఱ్ఱచుక్కను బెట్టి వెడలెను. పిదప దానిని నీటిపై దేలు గుఱుతుబుఱ్ఱగా దిద్దెను. ఆ చుక్క యేల వచ్చెనో పటమును మాత్రమే చూచిన వానికి దెలియదు. ప్రక్కన నేది యుండెనో తెలిసినవానికే తెలియును.

ప్రదర్శనమునకు బంపుటవలన నశించిన చిత్రములు మనకును గలవు. నిజాముల రాజ్యములోని అజంతా గుహాచిత్రములకు రాబర్టు గిల్లు 1844 నుండి యేండ్లతరబడి ప్రతులు వ్రాసెను. వానిని లండనులోని క్రిస్టలు పాలసున బ్రదర్శించిరి. 1866 లో నచ్చట నగ్నిప్రమాదము జరిగి పెక్కు లాహుతియయ్యెను. పిమ్మట గ్రిఫిత్సు తన శిష్యులతో 1872 నుండి వ్రాసిన ప్రతులలో ననేకములు 1885 లో సౌత్ కెన్సింగ్టనున నదే గతి బొందెను. 1909 మొదలు హెరింగ్‌హాము దొరసాని వ్రాయించినప్పుడు నందలాల్ బోసు మున్నగు వంగీయులతోపాటు హైదరాబాదువాడైన సయ్యదు అహమ్మదు గూడ బనిచేసెను. 1914 లో నిజాము ప్రభుత్వము పురావస్తుశాఖను స్థాపించెను. ప్రజాతోటలోని వస్తుశాల 1930 లో తెఱవబడెను. దానియందు అజంతా ప్రతులకు వేఱొక గది యేర్పడినది. దూరదేశములందు బ్రదర్శనకాలము ముగియకయే నశించిన చిత్రములకు స్వదేశమున స్థిరమైన గోడ దొరకిన దన్నమాట.

ఈ రెండు పద్ధతులును హైదరాబాదులో నొకదాని వెంట నొకటి పెరిగినవి. ఉస్మానియా పట్టభద్రుల పూనికచే 1938 లో ప్రజాతోటయందు జరిగిన నుమాయిషు పదిదినముల ప్రదర్శనము. అది స్వదేశవస్తువులకే గాని చిత్రములకు గాదు. అయినను ప్రదర్శన మనగా నొక ఋతువున వచ్చి పోవునది యను భావము నగరవాసులకు దానివలననే యలవడినది. మూడవ సాలారుజంగు 1949 లో గతించెను. ఆయన కూర్చిన వస్తువులు 1951 డిసెంబరు 16 న నెహ్రూచే తెఱవబడి మొదట దివాను దేవిడీలోను, 1968 నుండి దారుల్‌షిఫాలోని భవనమునను నిలిచినవి. అవి రావు, పోవు. చూచువారే వత్తురు, పోదురు.

తెలుగుదేశమున చిత్రకారుడే ప్రదర్శనమునకు బూనుకొన్న కథకు రాజమహేంద్రవరము బోవలెను. దామెర్ల రామారావు (1897–1925) అచ్చటి కళాశాలాధ్యక్షుడగు కూల్డ్రే దొర ప్రోత్సాహమున బొంబాయి జె. జె. కళాశాలలో జదివి, తిరిగివచ్చి, స్వస్థలమున చిత్రకళాశాలను నెలకొల్పెను. 1924 లో వెంబ్లీ సామ్రాజ్యప్రదర్శనమున నాయన చిత్రములు చేరినవి. ఆ ప్రదర్శనము 1924 వేసవి మొదలు శరత్తు వఱకు నొకమాఱు, 1925 లో మఱియొకమాఱు నడచెను. ఆ రెంటి నడుమ, ఫిబ్రవరి 6 న, మశూచిచే రామారావు గతించెను. అప్పటి కాయనకు నిరువదియెనిమిదేండ్లు నిండలేదు. మిత్రుడైన వరదా వెంకటరత్నము మొదలగువారి పట్టుదలచే నాయన పేర నేర్పడిన చిత్రశాలలో పటములు నేటికిని జూడవచ్చును. అయిన నవి యిప్పు డొక్కరి పటములు. ఆయన జీవించియుండగా బ్రదర్శనములలో ఇతరుల పటముల ప్రక్కన నుండి యవి పలికిన పలుకు వేఱు.

బొంబాయి రాజమార్గముపై మియాపురమునకు, చందానగరమునకు నడుమనున్న మదీనాగూడ యొకప్పుడు చెఱువుల నడుమ గ్రామము. 2007 లో మహానగరసంస్థలో గలిసిన శేరిలింగంపల్లి పురపాలకసంఘపు పరిధిలోనిది. ఆ ప్రాంతమువారికి సమీపమున నున్న పెద్ద చిత్రశాల మాదాపురమునందలి కావూరి హిల్సులో రాజ్యప్రభుత్వము నెలకొల్పిన చిత్రమయి. 1992 లో శిల్పారామము, 1998 లో సైబరు టవర్సు వచ్చుటతో మాదాపురపు రాళ్లగుట్టలు నగరమైనవి. చిత్రమయి యా నగరపు సంతతియే. నుమాయిషువలె నేటికొకమాఱు గాదు, సాలారుజంగు వస్తుశాలవలె నిత్యమును గాదు. అందు ప్రదర్శనములు ఒకదాని వెనుక నొకటి వచ్చి పోవుచుండును. 2015 లో ఆరంభమైన ఇండియన్ ఫోటో ఫెస్టివల్ అను ఛాయాచిత్రోత్సవము చలికాలమున నందు జరుగుచు వచ్చినది.

ఇట్టి ప్రదర్శనము నడచు తీరు గమనింపదగినది. మొదటినాడు దీపము వెలిగించుట, ముఖ్యాతిథి పలుకులు, తేనీరు. నాడు జనము మెండు, పటములను జూచువారు తక్కువ. మఱునాటినుండి గదులు నిశ్శబ్దములు. పనిదినముల మధ్యాహ్నమున నొకరిద్దఱు విద్యార్థులు పుస్తకముతో గూర్చుండి పటమును జూచి గీయుదురు. శని, ఆదివారములందు కంపెనీలలో బనిచేయువారు పిల్లలతో వత్తురు. చిత్రకారుడు తన పటముల యెదుట రోజులు గడపి, చూచువారి ముఖములను జూచి నేర్చుకొనుట యీ నడిమి దినములందే. కడపటినాడు మరల సందడి. అటుపిమ్మట మేకు లూడదీసి, రంధ్రములు పూడ్చి, తెల్లసున్నము పూయుదురు. ప్రారంభదినపు వార్తనే పత్రికలు ప్రకటించును గావున చరిత్రకు మిగులునది దీపమును వెలిగించినవారి పేరు. ఇది న్యాయము గాదు.

ఇటీవల నీ సమస్య మఱియు బిగిసినది. ఇన్‌స్టలేషను అను రచనలు ఒక గదికొఱకే, కొన్ని దినములకొఱకే కట్టబడి, పిదప విప్పబడుచున్నవి. జర్మనీలోని కాసెలునందు 1955 లో ఆరంభమైన డాక్యుమెంటా ప్రదర్శనము నూఱుదినముల వస్తుశాల యని పేరుగాంచెను. కొచ్చియందు 2012 డిసెంబరు 12 న మొదలైన బియనాలె నెలలతరబడి సాగినది. వీనిలో పెక్కు రచనలకు పటము మిగులదు. తేదియు, ఛాయాచిత్రమును, పట్టికయుమే మిగులును. అజంతా ప్రతులకు నిప్పు చేసినపని వీనికి నియమమే చేయుచున్నది.

ఆ తేదియైనను సరిగా మిగులుచున్నదా? మన ఆహ్వానపత్రములలో నెల, తేది, వారము, గంట యచ్చగును గాని వత్సరము పలుమాఱు విడువబడును. తాళపత్రగ్రంథముల లేఖకులు ప్రభవాది నామమును మాత్రమే వ్రాసి శకవర్షమును విడిచినప్పుడు అఱువదేండ్ల సందేహము గలుగుట పండితులకు దెలిసినదే. తిథివారములను గణించి దానిని దీర్చుచున్నారు. ఆహ్వానపత్రమునకు నీ విధానమే చెల్లును. ఒక తేది యదే వారమున మరల వచ్చుటకు సాధారణముగా నైదో, యాఱో, పదునొకండో యేండ్లు పట్టును. పత్రమున వత్సరము లేకున్నను, చిత్రకారుని యూరు, అచ్చుకూటపు పేరు, ఫోనునంబరులోని యంకెల సంఖ్యయు దోడైనచో సరియగు వత్సరము నిర్ణయింపవచ్చును. పటము వెనుకనుండు చీటీలు మఱింత విలువైనవి. ప్రదర్శనమున కిచ్చిన సంఖ్య, ధర, పంపినవారి చిరునామా వానిపై నుండును. పటమునకు క్రొత్త చట్రము బిగించువారు వానిని చీకినకాగితములని గీకి పాఱవేయుచున్నారు.