ఆయిల్ ఇంజన్ల సంరక్షణ (కంబదూరు ప్రాంతం)

బావులు, పంట కుంటల నుంచి నీరు తోడే డీజిల్ యంత్రాలను అనంతపురం జిల్లా మెట్ట ప్రాంతాల్లో ఆయిల్ ఇంజన్లు అంటారు. వీటిలో పాతవాటికి మూలం, బ్రిటన్‌లోని లిస్టర్ సంస్థ 1930 ప్రాంతంలో తెచ్చిన, నిమిషానికి సుమారు 600–650 చుట్లు మాత్రమే తిరిగే నమూనా. దీన్ని అనుసరించి రాజ్‌కోట్ కార్ఖానాలు దశాబ్దాలపాటు ఇంజన్లు తయారుచేశాయి. నిదానంగా తిరగడం, బరువైన పోత ఇనుప దేహం, అరిగితే మార్చుకోదగిన లైనర్ (పిస్టన్ ఆడే గొట్టం) ఉండటం వీటి దీర్ఘాయువుకు కారణాలు.

జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే. బోర్లు, విద్యుత్ మోటార్లు వ్యాపించాక ఆయిల్ ఇంజన్ వాడకం తగ్గినా, వేరుశనగ ఊడలు దిగే వేళ వాన ముఖం చాటేస్తే, కరెంటు లేని చేలల్లో ఒక్క తడికైనా అదే దిక్కు. 2016 ఖరీఫ్‌లో రాష్ట్ర ప్రభుత్వం జిల్లాలో రెయిన్‌గన్‌లతో (నీటిని వానలా చిమ్మే పరికరాలతో) రక్షక తడులు ఇచ్చినప్పుడు ఈ ఇంజన్ల అవసరం మళ్లీ కనిపించింది. కనుక జిల్లాలోని కంబదూరు వంటి చోట్ల ఇంజన్‌కు అసలు పరీక్ష ఎక్కువ గంటలు తిరగడం కాదు, నెలల తరబడి కదలకుండా ఉండి, పిలిచిన రోజున తొలి తిప్పుకే అందుకోవడం.

నడిచే కాలంలో ప్రధాన శత్రువు దుమ్ము. గాలి వడపోత గిన్నెలోని నూనె మీదుగా వెళ్లే గాలి దుమ్మును అక్కడే వదులుతుంది. గిన్నె అడుగున బురద పేరుకున్నా నూనె మార్చకపోతే ఇసుక రేణువులు లోపలికి చేరి పిస్టన్ రింగులను, లైనర్‌ను సానరాయిలా అరగదీస్తాయి, ఆపై ఇంజన్ నూనె తాగుతూ నీలిపొగ వదులుతుంది. గిన్నెలో గీత దాటి నూనె పోయడమూ ప్రమాదమే, ఎందుకంటే ఆ నూనెను పీల్చుకున్న ఇంజన్ అదుపు తప్పి వేగం పుంజుకోవచ్చు. ఈ ప్రాంతపు లవణాలు ఎక్కువగా ఉన్న బోరు నీరు సిలిండర్ చుట్టూ ఉండే నీటి గదిలో గార కట్టించి వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి, వాన నీరు పోయడం మేలు.

పని ముగిశాక చేసే జాగ్రత్తలనే చాలామంది విస్మరిస్తారు. ఇంజన్‌ను కాసేపు నడిపి వేడెక్కించి, మసి కలిసిన పాత నూనెను వేడిమీదే దింపి కొత్తది పోయాలి. నీటి గదిని పూర్తిగా ఖాళీ చేయాలి. సిలిండర్‌లోకి రెండు చెంచాల నూనె వేసి, డికంప్రెషన్ లివర్ ఎత్తి, అంటే కుదింపు లేకుండా చేసి, ఫ్లైవీల్‌ను (పక్కనుండే బరువైన చక్రాన్ని) చేత్తో నాలుగు చుట్లు తిప్పాలి. తర్వాత లివర్ దించి, రెండు వాల్వులూ మూసుకునే స్థితిలో ఫ్లైవీల్‌ను ఆపి, పొగగొట్టానికి మూత పెడితే తేమ గాలి లోపలికి చొరబడదు. నెలకోసారి ఇలా లివర్ ఎత్తి తిప్పుతుంటే రింగులు తుప్పుతో అతుక్కుపోవు. మళ్లీ నడిపే రోజున పొగగొట్టం మూత తీసి, నీటి గది నింపి, డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీటిని వదిలి, డీజిల్ చిమ్మే నాజిల్‌కు వెళ్లే పైపులోని గాలి తీశాకే హ్యాండిల్ పట్టాలి.