ఏసీ బిగించేవారికి లైసెన్సు అవసరమా? బరంపురం, గంజాం వాసులు తెలుసుకోవలసిన నిబంధనలు

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఏసీ కాంట్రాక్టర్లకు ప్రత్యేక లైసెన్సు ఉంది. ఒడిశాలో గానీ, ఆంధ్రప్రదేశ్‌లో గానీ ఆ పేరుతో లైసెన్సు లేదు. అయితే ఏసీకి విద్యుత్తు అందించే వైరింగు పని మాత్రం చట్ట పరిధిలోనిదే.

చట్టం ఏమంటుంది?
1956 నాటి భారత విద్యుత్ నియమావళిలోని 45వ నియమం ప్రకారం వైరింగు పనిని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు గల కాంట్రాక్టరే చేపట్టాలి. అర్హతా పత్రం గల సూపర్‌వైజర్ పర్యవేక్షించాలి. పర్మిట్ గల పనివాడు చేయాలి. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసిన భద్రతా నిబంధనలు ఈ సూత్రాన్నే కొనసాగించాయి. 2010 నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చాయి.

మినహాయింపు
ఫ్యాన్లు, స్విచ్చులు, 250 వోల్టులకు మించని గృహోపకరణాలను సామర్థ్యం మారకుండా మార్చుకోవచ్చు. పాత ఏసీ స్థానంలో అంతే సామర్థ్యం గలది పెట్టడం ఈ కోవలోకి వస్తుంది. కొత్త ఏసీ కోసం వేరే లైను లాగడం రాదు.

సరిహద్దు చిక్కు
ఒడిశాలో ఈ లైసెన్సులు, పర్మిట్లు ఇచ్చేది భువనేశ్వర్‌లోని విద్యుత్ లైసెన్సింగ్ బోర్డు. ఇచ్ఛాపురం యువకుడు ఆంధ్రప్రదేశ్ పర్మిట్‌తో బరంపురంలో వైరింగు చేయాలంటే దానికి ఒడిశా ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏసీ మెకానిక్ కోర్సు చదవడం అర్హతే గాని లైసెన్సు కాదు.

గ్యాస్ విషయం
ఓజోన్ పొరకు హాని చేసే వాయువులపై 2000 నాటి కేంద్ర నియమాలు నియంత్రణ విధించాయి. పాత ఏసీలలోని ఆర్-22 ఆ కోవలోనిదే. కొత్త ఏసీలలో వాడే ఆర్-32కు కొంత, ఆర్-290కి అధికంగా మండే గుణం ఉంది. కనుక శిక్షణ లేనివారిచేత గ్యాస్ నింపించడం ప్రమాదకరం.

గృహస్థులు చూడవలసినవి
1. కాంట్రాక్టరు లైసెన్సు ఏ రాష్ట్రానిది, గడువు ఎంతవరకు ఉన్నది.
2. ఎర్తింగ్, విడిగా ఎంసీబీ ఉన్నాయా.
3. మంజూరైన లోడు సరిపోతుందా. 1.5 టన్నుల ఏసీ సుమారు 1.5 కిలోవాట్ల విద్యుత్తు తీసుకుంటుంది. చాలనిచో 2021 నుంచి దక్షిణ ఒడిశాలో విద్యుత్ పంపిణీ చేస్తున్న టీపీ సదరన్ ఒడిశా సంస్థకు దరఖాస్తు చేయాలి.

ప్రమాదం జరిగిన నాడు మొదట అడిగేది పని ఎవరు చేశారన్నదే. కనుక లైసెన్సు నంబరు వేసిన రసీదును భద్రపరచుకోవడం శ్రేయస్కరం.