చిలికా తీరమున పన్నెండు నెలలు

పూర్వపు గంజాం జిల్లా ఉత్తరపు కొనయందు, చిలికా సరస్సు దక్షిణ తీరమున, రంభ అను చిన్న పట్టణము కలదు. బరంపురము నుండి ఖుర్దారోడ్డు వైపు పోవు రైలులో ఈ ఊరు దాటినది మొదలు బాలుగావ్ వరకు ఎడమచేతి వైపు కొండలును, కుడిచేతి వైపు నీరును కనబడుచుండును. గంజాములో స్థిరపడిన తెలుగు కుటుంబములలో ఈ దృశ్యము నెరుగనివారు అరుదు. కాని రైలు కిటికీనుండి చూచుట వేరు. ఆ యొడ్డున ఏడాది పొడుగున బ్రతుకు ఎట్లు సాగునో తెలిసికొనుట వేరు. ఆ రెండవదానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

ముందు కొంచెము చరిత్ర. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాచే ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దఖలైనవి. గంజాం వానిలో ఉత్తరపు తుది. ఆ శతాబ్ది చివర గంజాములో కలెక్టరుగా నుండిన స్నాడ్‌గ్రాస్ దొర రంభలో సరస్సున కెదురుగా ఒక భవనము కట్టించెను. పిమ్మట అది ఖల్లికోట రాజుల దైనది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమగు వరకు రంభ మదరాసు రాజధానిలోనిది. ఎదుటి బాలుగావ్ పూరీ జిల్లాలోనిది. ఒకే నీటిపై పోవు పడవ ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు పోవుచుండెను. శ్రీకాకుళము మొదలు రంభ వరకు ఒకే జిల్లాయై యుండుటచే గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు ఈ ప్రాంతమునకు వచ్చి నిలిచిరి. ఒడియావారు నోళియాలని పిలుచు మన బెస్తవారు అంతకు ముందునుండియే సముద్రపు టొడ్డున వలలు వేయుచుండిరి. 1936లో సరిహద్దు దక్షిణమునకు జరిగినది గాని ఈ కుటుంబములు జరుగలేదు.

ఇట్టి ఇంట పంచాంగములు రెండు. మన యుగాది చైత్ర శుద్ధ పాడ్యమి. పొరుగువారి సంవత్సరాది మేష సంక్రాంతి. ఒక్క చిలికా విషయమున మాత్రము ఈ రెండును చాలవు. దానికి సంవత్సరాది తొలకరి.

జూన్ నడుమ రజ సంక్రాంతి నాటికి ఊరూర ఊయెలలు కట్టుదురు. తరువాత నైరృతి ఋతుపవనము దిగును. మహానది శాఖలైన దయా, భార్గవి మొదలగు నదులు బురదనీటిని సరస్సు ఉత్తర భాగమున పోయును. వేసవిలో సుమారు 900 చదరపు కిలోమీటర్లుండు జలవైశాల్యము వర్షాకాలమున 1,160 చదరపు కిలోమీటర్లకు పెరుగును. ఉత్తరమున నీరు దాదాపు మంచినీరగును. రంభ వైపు మాత్రము ఉప్పుదనము పూర్తిగా పోదు. వరద నీరు సముద్రమునకు పోవుచుండును. ఈ దినములలో కొండపాదున నున్న రైతులు నాట్లు వేయుచుందురు; బెస్తవారు వలలు బాగుచేసికొనుచు, గాలి చూచి గాని పడవ తీయరు.

ఆశ్వయుజము భయముతో కూడిన మాసము. 1999 అక్టోబరు 17, 18 తేదీలలో గోపాలపురమున తాకిన తుపానును గంజాం ప్రజలు మరువలేదు. అది జరిగిన పండ్రెండు దినములలోనే ఉత్తర తీరమును మహాతుపాను కూల్చినది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మరల గోపాలపురము చెంతనే తీరము దాటెను. అప్పుడు ముందుగా సుమారు పది లక్షలమందిని సురక్షిత స్థలములకు చేర్చుటచే ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది. రేడియో రాక పూర్వము ఈ తీరమున మబ్బుల రంగును, గాలి మళ్ళుటను చూచి చెప్పగల వృద్ధులే వార్తాహరులు.

తుపాను భయము తీరిన పిదప కార్తికము. ఇచ్చట రెండు పంచాంగముల భేదము భోజనపు బల్లపై తెలియును. ఒడియావారికి నెల పూర్ణిమతో ముగియును. మనకు అమావాస్యతో ముగియును. కావున వారి కార్తికము మనకంటె పదునైదు దినములు ముందు మొదలగును. వారు ఆ మాసపు చివరి ఐదు దినములను పంచుక మందురు. ఆ దినములలో కొంగ సైతము చేపను ముట్టదని వారి నమ్మకము. పూర్ణిమ వెళ్ళిన మరునాడు ఛాడఖాయి. ఆనాడు బాలుగావ్ చేపల బజారులో ధర అడుగుటకే తీరిక యుండదు. అదే దినమున తెలుగు ఇంట కార్తికమాసము ఇంకను సగ ముండును. సోమవారపు ఉపవాసములు సాగుచునే యుండును. పొరుగింటి చేపల పులుసు వాసన పీల్చుచు ఉపవాసముండుట మన ఇల్లాండ్రకు అలవాటైన పరీక్ష.

ఆ సమయముననే సరస్సు తీయనారంభించును. నీరు వెనుకకు పోవు లోతులేని చోట్ల వెదురు తడికలతో చుట్టుకట్టి చేపలను పట్టు పద్ధతిని జానో అందురు. ఇటీవల తడికల స్థానమున నైలాను వలలు వచ్చినవి. మన పండుగప్ప అక్కడ భేక్టి, రొయ్య చింగుడి, పీత కంకడా. వర్షాకాలమున మునిగియుండు నళబణ ద్వీపము అప్పుడు పైకి తేలును. సైబీరియా, మంగోలియా మొదలగు దూరదేశముల పక్షులు దానిపై దిగును. 2023 జనవరిలో జరిగిన గణనలో సరస్సుపై పక్షులు 11 లక్షలకు పైగా తేలినవి.

మన భోగిమంటలు చల్లారిన మరునాడు, మకర సంక్రాంతికి, కాళీజాయి ద్వీపమునకు పడవలు బారులు తీరును. అత్తవారింటికి పోవుచున్న జాయి అను నవవధువు గాలివానలో పడవ మునిగి కానరాకపోయెననియు, ఆమెయే దేవతయై ఈ నీటిని కాపాడుచున్నదనియు స్థల కథ. నడి సరస్సులో గాలి ఎంతటిదో పిల్లలకు నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఫాల్గుణము నుండి దక్షిణపు గాలి. అది నీటిని ఉత్తరమునకు త్రోయును, సముద్రపు పోటు లోనికి వచ్చును, ఉప్పుదనము పెరుగును. హుమ్మా, గంజాం వైపు ఉప్పుమళ్ళలో ఎండతోపాటు పని ముదురును. చైత్రమున దండనాట్యపు భక్తులు ఊరూరు తిరిగి మేష సంక్రాంతితో వ్రతము ముగింతురు. వైశాఖమున సాయంకాలపు గాలివానలు, వానిని కాలబైశాఖి అందురు, చెప్పక వచ్చును. మరల తొలకరి.

ఈ చక్రమంతయు ఒక్క ఇరుసుపై తిరుగుచున్నది. సముద్రమునకును సరస్సునకును నడుమనున్న ద్వారమే ఆ ఇరుసు. ఒడియాలో దానిని ముహాణ అందురు. మనవారు మొగ అందురు. తీరము వెంబడి కొట్టుకొనివచ్చు ఇసుకచే ఆ మొగ ఏటేట ఉత్తరమునకు జరుగుచు, పూడుచు వచ్చినది. లోనికి ఉప్పునీరు రాదు. బురద బయటికి పోదు. నాచు, తూడు పెరిగినవి. 1981లో రామ్‌సర్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల జలభూములలో చేరిన చిలికా 1993లో ఆపదలోనున్నవాని పట్టిక కెక్కినది. 1999–2000లో చేపల దిగుబడి సుమారు 1,700 టన్నులకు దిగజారెను. ఇది చాలదన్నట్లు రొయ్యల పెంపకపు కట్టలు సరస్సును ఆక్రమించినవి. చిలికా, పులికాట్ సరస్సులకు వేయి మీటర్లలోపల రొయ్యల పరిశ్రమ కూడదని 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను తగవు తీరలేదు. 1999 మే 29న సొరానా గ్రామమున పోలీసు కాల్పులలో నలుగురు ప్రాణములు కోల్పోయిరి.

నీరు చెడినప్పుడు చెడునది చేపలు మాత్రమే కాదు. జానో కట్టుటకు మనిషి అక్కరలేనప్పుడు ఆ మాసమున ఇంటిలో మగవాడుండుటకును పని యుండదు. గంజాం యువకులు సూరత్ మరమగ్గములకు పోవుట ఎన్నో కారణములచే జరిగినది. సరస్సు ఒడ్డు గ్రామములలో ఇదియు నొక కారణము. తండ్రి ఊరలేని ఇంట, ఏ గాలికి ఏ చేప వచ్చునో కొడుకునకు చెప్పువారెవరు?

2000 సెప్టెంబరు 23న చిలికా అభివృద్ధి సంస్థవారు సిపకుదా వద్ద కొత్త మొగ త్రవ్వించిరి. సముద్రమునకు పోవు కాలువదారి 18 కిలోమీటర్లు తగ్గినది. ఉప్పునీరు మరల వచ్చెను. 2001–02 నాటికి దిగుబడి సుమారు 12 వేల టన్నులైనది. 2002లో చిలికా ఆపద పట్టికనుండి తొలగింపబడెను. ఆసియాలో ఈ గౌరవము పొందిన మొదటి సరస్సు ఇదియే. అయినను ఇసుక నిలకడగా నుండదు. 2019 మే 3నాటి ఫొని తుపాను సరస్సునకు మరికొన్ని మొగలు తెరచినది. కావున ఈ పని ఒకసారి చేసి మరచునది కాదు.

యంత్రములతో మొగను త్రవ్వవచ్చును. కాని నీరు మరల వచ్చినప్పుడు దానిని ఎట్లు వాడుకొనవలెనో తెలిసినవారు ఒడ్డున ఉండవలెను. 2000లో అట్టివారింకను ఉండిరి గనుకనే తొలి సంవత్సరమే వలలు నిండినవి. ఆ తరమువారు నేడు మనుమలను ఎత్తుకొను వయస్సులో నున్నారు. వారిలో కొందరి ఎరుక తెలుగుమాటలలోనే యున్నది. మన సంఘములు పండుగలకు సభలు చేయుట మంచిదే. దానితోపాటు ప్రతి కుటుంబము తన పెద్దలనడిగి, ఏ మాసమున ఏ గాలి, ఏ చేప, ఏ పని, ఏ వంట అని ఒక పుస్తకమున వ్రాసియుంచినచో పన్నెండు పుటలు చాలును. పిల్లలకు తెలుగు లిపి రానిచో ఒడియా లిపిలో వ్రాసినను దోషము లేదు. మాట నిలిచిన చాలును.