హైమా దారిలో కునుకు

ఒమన్‌లో మస్కట్ నుంచి సలాలాకు దాదాపు 1,000 కిలోమీటర్లు. ఆదం దాటితే హైమా, హైమా దాటితే తుమ్రైత్. నడుమ చెట్టూ చేమా లేని బల్లపరుపు ఎడారి. అర్ధరాత్రి దాటాక ఆ దారిలో ఏ పెట్రోలు బంకు దగ్గర ఆగినా ఒక దృశ్యం కనబడుతుంది. ట్రక్కు దిగిన డ్రైవరు సీసాలో నీళ్లు మొహాన కొట్టుకుంటాడు, కాగితం కప్పులోని కరక్ చాయ్ రెండు గుక్కల్లో తాగేస్తాడు, మెడ అటూ ఇటూ విరిచి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు. అతని మాట మలయాళమో ఉర్దూనో కావచ్చు, గోదావరి యాసా కావచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లు కళ్లు మూతపడితే బండి 110 మీటర్లు తనంతట తానే పోతుంది.

ఈ రోడ్లకు పెద్ద వయసు లేదు. 1970 జూలై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్‌లో తారు రోడ్డు పది కిలోమీటర్లు ఉంటే ఎక్కువ. అంతకు ముందు ఎడారి దాటినవాళ్లు ఒంటె మీద కునుకు తీసినా ఒంటె దారి తప్పేది కాదు. ఒక్క తరంలోనే వాళ్ల బిడ్డల చేతికి స్టీరింగ్ వచ్చింది.

చట్టమూ రోడ్డు వెంటే వచ్చింది. 1974లో శిక్షాస్మృతి, 1993లో ట్రాఫిక్ చట్టం, మరుసటి ఏడాది మోటారు బీమా చట్టం. నిర్లక్ష్యంగా నడిపి ప్రాణం తీస్తే జైలు, జరిమానా. వాటికి తోడు దియా, అంటే మృతుని వారసులకు చెల్లించాల్సిన సొమ్ము. 2008లో రాజశాసనం దాన్ని 15,000 రియాళ్లుగా నిర్ణయించింది. రోడ్డు ప్రమాదాల్లో ఈ సొమ్ము సాధారణంగా బీమా కంపెనీయే కడుతుంది. జైలుకు వెళ్లేది మాత్రం డ్రైవరే.

నిద్రపోతున్న మనిషికి తానేం చేస్తున్నాడో తెలియదు కదా, మరి అతన్ని శిక్షించడం ఎలా? ఇంగ్లండులో 1945 నాటి కే వర్సెస్ బటర్‌వర్త్ కేసులో కోర్టు దీన్ని తేల్చింది. రాత్రి డ్యూటీ ముగించుకుని కారులో ఇంటికి వెళ్తున్న ఒక కార్మికుడు కునుకు పట్టి, కవాతు చేస్తున్న సైనికుల మీదికి బండి పోనిచ్చాడు. నిద్ర ముంచుకొస్తోందని తెలిసీ బండి ఆపకపోవడమే తప్పు అంది కోర్టు. 2001 ఫిబ్రవరిలో ఇంగ్లండులోనే సెల్బీ దగ్గర రాత్రి నిద్ర లేని ఒక వ్యక్తి వాహనం రైలు పట్టాల మీద పడి, జరిగిన రైలు ప్రమాదంలో పదిమంది పోయారు. అతనికి అయిదేళ్ల జైలు పడింది. 2003లో న్యూజెర్సీ రాష్ట్రం ఒక గీత గీసింది. 24 గంటలు నిద్ర లేకుండా నడిపి మనిషిని చంపితే దాన్ని నిర్లక్ష్యానికి రుజువుగా తీసుకోవచ్చు.

ఒమన్ పట్టు బిగించింది వేగం మీద. 2009 అక్టోబరు 18న సైహ్ అల్ షామిఖాత్‌లో సుల్తాన్ రోడ్డు మరణాల గురించి ఆవేదనతో మాట్లాడారు. ఆ తేదీనే ఏటా ట్రాఫిక్ భద్రతా దినంగా పాటిస్తున్నారు. అయినా 2012లో 1,139 మంది చనిపోయారు. తర్వాత రాడార్లు పెరిగాయి, 2016లో ట్రాఫిక్ చట్టాన్ని సవరించారు, 2018లో కొత్త శిక్షాస్మృతి వచ్చింది. ఆ ఏడాది మృతులు 637. ఇది చిన్న విజయం కాదు. ఎన్నో ఇళ్ల దీపాలు ఆరకుండా నిలిచాయి.

కానీ రాడారుకు వేగం దొరుకుతుంది, మద్యం ఊపిరిలో దొరుకుతుంది. నిద్రను కొలిచే యంత్రం పోలీసు చేతిలో లేదు. 17 గంటలు మేలుకున్న మనిషి తడబాటు, నెత్తురులో 0.05 శాతం మద్యం ఉన్నవాడి తడబాటుతో సమానమని 1997లోనే ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు.

ఆ 17 గంటలు ఎవరు మేలుకోబెట్టారన్నదే నన్ను తొలిచేస్తుంది. 2003 నాటి ఒమన్ కార్మిక చట్టం ఇంటి పనివారిని తన పరిధిలోంచి తీసేసింది. వంటమనిషి, పనిమనిషితో పాటు ఇంటి డ్రైవరూ అందులో పడ్డాడు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ మనవాళ్లు ఎంతోమంది గల్ఫ్‌కు వెళ్లింది ఈ పనులకే. తెల్లవారుజామున పిల్లల్ని బడికి దించి, పగలంతా తిప్పి, రాత్రి విందు నుంచి యజమానిని తీసుకొచ్చే మనిషికి డ్యూటీ ఎప్పుడు ముగిసినట్టు? కంపెనీ కార్మికులకు ఒమన్ 2023 కార్మిక చట్టం రోజుకు ఎనిమిది గంటల పని అంటోంది. మన దేశంలో మోటారు రవాణా కార్మికులకు ఆ లెక్క 1961 నుంచే ఉంది. కాగితం మీది గంటలు రాత్రి ట్రిప్పులో ఎంతవరకు నిలుస్తాయో ఆ పని చేసినవాళ్లకే ఎరుక.

నిద్రలో గుద్దిన బండి వెనక రోడ్డు మీద చాలాసార్లు బ్రేకు గీతలు కనిపించవు. అవి లేనిచోట దర్యాప్తు అధికారి డ్రైవరు లైసెన్సుతో పాటు ముందు రెండు రోజుల ట్రిప్పు షీట్లూ అడగాలి. వాటి మీద సంతకం చేసిన యజమానినీ అదే కోర్టు ముందు నిలబెట్టాలి.